ఇండిపెండెంట్ ఎమ్మెల్యే ఒక్కరే ప్రభుత్వాన్ని మార్చగలరా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకు తేలికగా ఉంటుంది. మీ అత్తగారి ఊరు కర్ణాటకలోని గౌరిబిదనూరు. అక్కడ 2023 ఎన్నికల్లో ఇండిపెండెంట్ గెలిచారు. "పార్టీ లేని మనిషికి ఓటేస్తే బూడిదలో పోసిన పన్నీరే" అని మీ మామగారు, "హంగ్ వచ్చిందంటే అలాంటివాళ్ల చేతిలోనే ప్రభుత్వం ఉంటుంది" అని మీ బావమరిది పండక్కి కలిసినప్పుడల్లా వాదించుకుంటున్నారు. ఎవరి మాట నిజం? ఇండిపెండెంట్ ఒక ప్రభుత్వానికి మద్దతిచ్చి, మంత్రి కూడా అయి, తర్వాత అవతలి పక్షానికి మారితే ఫిరాయింపుల చట్టం కింద పదవి ఎందుకు పోదు? అసలు ఇండిపెండెంటుకు ఓటేస్తే మనకేం లాభం? ఇవీ మీ సందేహాలు.

నేను బెంగళూరులో ఒక తెలుగు దినపత్రికకు ఇరవై ఏళ్లకు పైగా విధానసౌధ, అంటే కర్ణాటక శాసనసభ, వార్తలు రాశాను. 2008లో ఒకసారి, 2018-19లో మరోసారి ఇక్కడి ప్రభుత్వాలు తలల లెక్క మీద ఊగిసలాడినప్పుడు ప్రెస్ గ్యాలరీలోనే ఉన్నాను. ఈ విషయం మీద అపోహలు చాలా ఉన్నాయి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే ఇద్దరి మాటా నిజమే, అయితే ఒక్కో సభకు ఒక్కొక్కరి మాట సరిపోతుంది. పెద్ద పార్టీకి మెజారిటీకి కొద్ది సీట్లు తక్కువ పడితే ఇండిపెండెంట్ ప్రభుత్వాన్ని నిలబెట్టగలరు, ఆ లోటు తీరేదాకా ఆయన మాట చెల్లుతుంది. లోటు లేని సభలో ఆయన నియోజకవర్గం పనులు చూసుకునే ఒక ఎమ్మెల్యే, అంతే. ఇక మంత్రి కావడం, మద్దతు వెనక్కి తీసుకోవడం ఇండిపెండెంటుకు చట్టం ప్రకారం తప్పు కావు. ఆయనకు నిషిద్ధమైంది ఒక్కటే, ఎన్నికయ్యాక ఏదైనా పార్టీలో చేరడం.

కర్ణాటక అసెంబ్లీలో 224 స్థానాలు, మెజారిటీ గీత 113. 2023లో కాంగ్రెస్‌కు 135 వచ్చాయి. గీతకు 22 ఎక్కువ. ఆ సభలో ఇద్దరు ఇండిపెండెంట్లు గెలిచారు, ఒకరు మీ గౌరిబిదనూరు నుంచి, ఇంకొకరు హరపనహళ్లి నుంచి. వాళ్లు మద్దతిచ్చినా ఇవ్వకపోయినా ప్రభుత్వానికి వచ్చే ఇబ్బంది లేదు. కాబట్టి ఈ సభ వరకూ మీ మామగారి వాదనే నెగ్గుతుంది. అయినా ఆ ఇద్దరి ఓట్లకూ ఒకరోజు బాగా గిరాకీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో రాజ్యసభ ఎన్నికలు జరిగాయి. నాలుగు సీట్లు, అయిదుగురు అభ్యర్థులు, గెలవాలంటే ఒక్కొక్కరికి 45 ఓట్లు కావాలి. కాంగ్రెస్ మూడు సీట్లు గెలవాలంటే తన బలం ఒక్కటే సరిగ్గా బొటాబొటీగా ఉంది. ఆ రోజు ఇద్దరు ఇండిపెండెంట్లూ, ఒక్కో సీటున్న రెండు చిన్న పార్టీల వాళ్లూ కాంగ్రెస్‌కే ఓటేశారు, మూడు సీట్లూ వచ్చాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. రాజ్యసభ ఎన్నికలో పార్టీ ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించి పెట్టెలో వేయాలి. ఇండిపెండెంట్ ఎవరికీ చూపించకూడదు. మాట ఇచ్చినవాళ్లకు ఆ మాట నిలబెట్టుకున్నట్టు నిరూపించే దారి ఆయనకు లేదు. అందుకే ఇండిపెండెంట్ల విషయంలో పార్టీల వాళ్లకు చివరి నిమిషం దాకా టెన్షన్ తప్పదు.

ఇప్పుడు మీ బావమరిది మాట నెగ్గే సభ దగ్గరికి వద్దాం.

2008 మే. బీజేపీకి 110, కాంగ్రెస్‌కు 80, జేడీఎస్‌కు 28, ఇండిపెండెంట్లు ఆరుగురు. కన్నడంలో వీళ్లను పక్షేతరులు అంటారు. లోటు మూడు, దొరికే తలలు ఆరు. దక్షిణాదిలో మొదటిసారి సొంతంగా ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం బీజేపీకి ఆ ఆరుగురి దగ్గర ఆగింది. బీజేపీ నాయకుడు యడియూరప్ప ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన ప్రభుత్వంలో ఆరుగురిలో అయిదుగురు మంత్రులయ్యారు. ఏళ్ల తరబడి జెండా మోసిన సొంత ఎమ్మెల్యేలు ఎంతోమంది బయట నిలబడ్డారు. ఎందుకంటే 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ మంత్రివర్గం సభ బలంలో పదిహేను శాతం మించకూడదంది. కర్ణాటకలో ముఖ్యమంత్రితో కలిపి 34 మందే. పక్షేతరుడికి ఒక కుర్చీ ఇచ్చారంటే సొంత మనిషి ఒకరికి లేదన్నట్టే. ఆ అసంతృప్తి ఎంత గట్టిదో ఆ రోజుల్లో విధానసౌధ కారిడార్లలో నడిచినవాళ్లందరికీ తెలుసు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. పెద్ద పార్టీ ఎప్పుడూ ఇండిపెండెంట్ల మీద ఆధారపడి కూర్చోవాలనుకోదు, మొదటి రోజు నుంచే ఆ లోటు పూడ్చుకునే పని మొదలుపెడుతుంది. 2008లోనే ప్రతిపక్ష ఎమ్మెల్యేలు కొందరు రాజీనామా చేసి బీజేపీ టికెట్ మీద మళ్లీ పోటీ చేశారు. ఆపరేషన్ కమల అన్న మాట అప్పుడే పుట్టింది. డిసెంబర్ ఉప ఎన్నికల్లో ఎనిమిది సీట్లలో అయిదు బీజేపీ గెలిచింది. 110కి అయిదు కలిస్తే 115. మే నెలలో ఆరుగురూ అడిగిందల్లా వినాల్సి వచ్చిన ప్రభుత్వం, డిసెంబర్‌కల్లా వాళ్లు లేకపోయినా నిలబడగలిగే స్థితికి వచ్చింది. నా లెక్కలో ఇండిపెండెంటుకు నిజమైన బలం ఉండేది ఫలితాలు వచ్చిన రోజు నుంచి మొదటి ఉప ఎన్నికల దాకా, ఆరేడు నెలలు. ఆ లోపల నియోజకవర్గానికి ఏం రాబట్టుకున్నారో అదే మిగులుతుంది.

2010 అక్టోబర్‌లో సొంత పార్టీ అసంతృప్తులు 11 మంది, ఇండిపెండెంట్లు అయిదుగురు కలిసి ముఖ్యమంత్రి మీద నమ్మకం లేదని గవర్నర్‌కు లేఖ ఇచ్చారు. బలపరీక్షకు ముందే స్పీకర్ ఆ పదహారు మందినీ అనర్హులుగా ప్రకటించారు. పార్టీ వాళ్ల సంగతి సరే, పార్టీయే లేని అయిదుగురిని ఏ కారణం మీద? ప్రభుత్వంలో మంత్రులయ్యారు, బీజేపీ శాసనసభాపక్ష సమావేశాలకు వచ్చారు, అంటే పార్టీలో చేరినట్టే అన్నది వాదన. అక్టోబర్ 11న సభలో మూజువాణి ఓటుతో నెగ్గామన్నారు. గవర్నర్ హెచ్.ఆర్. భరద్వాజ్ ఒప్పుకోలేదు. 14న మళ్లీ తలలు లెక్కపెడితే 106–100తో ప్రభుత్వం గట్టెక్కింది. ఆ పదహారు మంది లోపల ఉండి ఎదురు ఓటేసి ఉంటే లెక్క ఎలా ఉండేదో మీరే చూడండి.

2011 మేలో సుప్రీంకోర్టు ఆ అనర్హతలన్నింటినీ కొట్టేసింది. ఇండిపెండెంట్ల గురించి కోర్టు తేల్చింది ఇదీ: ప్రభుత్వానికి మద్దతివ్వడం, అందులో మంత్రి కావడం ఒకటి, ఆ పార్టీలో చేరడం మరొకటి. మొదటిది చేసినంత మాత్రాన రెండోది చేసినట్టు కాదు. మీ రెండో ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన సమాధానం లేదు. కానీ ఒక్క విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. తీర్పు వచ్చేసరికి ఏడు నెలలు గడిచిపోయాయి. ఆ అయిదు నియోజకవర్గాల ప్రజలకు ఏడు నెలలు సభలో మనిషి లేడు. స్పీకర్ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చని 1992లో ఫిరాయింపుల చట్టం మీద వచ్చిన కిహోటో కేసులోనే తేలింది. అయితే ఆ సమీక్ష నిర్ణయం వెలువడ్డాకే జరుగుతుంది, బలపరీక్షేమో రేపే ఉంటుంది. దగ్గరి సంఖ్యలున్న సభలో స్పీకర్ కుర్చీ ఎవరిదన్నది ముగ్గురు నలుగురు ఇండిపెండెంట్ల కన్నా ఎక్కువ బరువు తూగుతుందని నేను నమ్మడానికి కారణం ఆ వారం చూసిన దృశ్యాలే.

చట్టం ఏమంటుందో కూడా చెప్పేస్తాను, పొడుగు లేదు. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ వచ్చింది. పార్టీ టికెట్ మీద గెలిచినవాళ్లు పార్టీని వదిలేసినా, విప్, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరించి ఓటేసినా, ఓటింగుకు రాకపోయినా సభ్యత్వం పోతుంది. ఇండిపెండెంటుకు విప్ ఇచ్చేవాళ్లే లేరు. ఇవాళ ఒక బిల్లుకు అవునని, రేపు ఇంకో బిల్లుకు కాదని అనవచ్చు. పార్టీలో చేరితే మాత్రం అదే క్షణం అనర్హుడు. చేరడమంటే సభ్యత్వ రసీదు మీద సంతకమే కానక్కర్లేదు. హర్యానాలో 2004లో కొందరు ఇండిపెండెంట్లు కాంగ్రెస్‌లో చేరినట్టు టీవీ కెమెరాల ముందు మాట్లాడారు. స్పీకర్ వేటు వేస్తే 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఏ స్వతంత్ర హోదా మీద ప్రజలు ఎన్నుకున్నారో ఆ హోదాను వదులుకున్నాడా లేదా అన్నదే చూడాలంది. కాబట్టి మద్దతు లేఖ ఇస్తే ఫర్వాలేదు, మెడలో కండువా వేయించుకుని ఫోటో దిగితే ప్రమాదం.

అదే హర్యానా నుంచే 1967లో ఆయారాం గయారాం అన్న మాట పుట్టింది. గయాలాల్ అనే ఆయన ఇండిపెండెంటుగా గెలిచి, పదిహేను రోజుల్లో మూడుసార్లు పక్షం మారారు. అప్పటికి ఈ చట్టం లేదు.

చట్టం అంచు ఎంత పదునైందో చూపించే సంగతి మన ముళబాగిలుది. బెంగళూరు నుంచి చిత్తూరు దారిలో, నంగలి దాటితే పలమనేరు. సంతలో, బస్టాండులో, దోసెల కొట్టు దగ్గర ఎక్కడ నిలబడ్డా తెలుగు వినిపించే ఊరు. 2018లో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది. ఆ పార్టీ చివరికి ఇండిపెండెంటుగా నిలబడ్డ హెచ్. నాగేశ్‌కు మద్దతిచ్చింది, ఆయన గెలిచారు. ఆ సభలో పెద్ద పార్టీలు, ఒక బీఎస్పీ సభ్యుడు పోగా మిగిలిన రెండో మనిషి ఆర్. శంకర్, రాణెబెన్నూరు నుంచి. ఆయన కేపీజేపీ అనే చిన్న పార్టీ టికెట్ మీద గెలిచిన ఏకైక ఎమ్మెల్యే.

బీజేపీకి 104 వచ్చినా 113 దొరకలేదు. మే 17న ప్రమాణం చేసిన యడియూరప్ప, సుప్రీంకోర్టు 19వ తేదీ సాయంత్రానికల్లా బలపరీక్ష జరగాలంటే ఓటింగుకు వెళ్లకుండానే రాజీనామా చేశారు. కాంగ్రెస్-జేడీఎస్ కూటమి ప్రభుత్వం వచ్చింది. ఈ ఇద్దరూ దానికే మద్దతిచ్చారు. 2019 జనవరిలో ఇద్దరూ మద్దతు వెనక్కి తీసుకున్నారు. జూన్ 14న ఇద్దరినీ మంత్రులను చేశారు. జూలై 8న ఇద్దరూ రాజీనామా చేసి మళ్లీ మద్దతు ఉపసంహరించారు. అప్పటిదాకా ఇద్దరూ ఒకే తక్కెడలో ఉన్నారు కదా. జూలై 25న స్పీకర్ శంకర్‌ను అనర్హుడిగా ప్రకటించారు, నాగేశ్ జోలికి ఎవరూ పోలేదు. కారణం ఏమిటంటే, శంకర్ తన పార్టీని కాంగ్రెస్‌లో విలీనం చేశారు, కాబట్టి కాంగ్రెస్ విప్‌కు కట్టుబడాలి. నాగేశ్ ఏ పార్టీలోనూ చేరలేదు. కూటమి ప్రభుత్వం పడిపోయాక, ఆగస్టులో కొత్త యడియూరప్ప ప్రభుత్వంలో నాగేశ్ ఎక్సైజ్ మంత్రి అయ్యారు.

ఇక్కడితో ఆగితే ఇండిపెండెంట్‌దే పైచేయి అనిపిస్తుంది. ఆగకండి. 2019 డిసెంబర్ ఉప ఎన్నికల్లో బీజేపీ పదిహేను సీట్లలో పన్నెండు గెలిచి సొంత మెజారిటీ తెచ్చుకుంది. 2021 జనవరి 13, భోగి రోజు మంత్రివర్గ విస్తరణ జరిగింది. నాగేశ్‌ను రాజీనామా చేయమన్నారు. అదే రోజు ప్రమాణం చేసిన కొత్త మంత్రుల్లో ఆర్. శంకర్ ఉన్నారు, ఈ మధ్యలో ఆయన బీజేపీ తరఫున విధాన పరిషత్తుకు, అంటే శాసనమండలికి, ఎన్నికయ్యారు. చట్టం ముందు గెలిచిన మనిషి పదవి పోయింది, ఓడిన మనిషికి పదవి వచ్చింది. మధ్యలో మారింది సభలోని సంఖ్య ఒక్కటే.

ఇంకో అపోహ గురించి చెప్పాలి. 2019లో ప్రభుత్వాన్ని ఈ ఇద్దరే పడగొట్టారని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అది నిజం కాదు. జనవరిలో ఇద్దరూ తప్పుకున్నప్పుడు ప్రభుత్వానికి ఏమీ కాలేదు, ఇంకో ఆరు నెలలు నడిచింది. పడగొట్టింది జూలైలో రాజీనామా చేసిన రెండు పార్టీల సొంత ఎమ్మెల్యేలు. ఇండిపెండెంట్లు కదిలారంటే తొలకరికి ముందు ఉరిమినట్టు, వాన ఇంకా రాలేదు గానీ వచ్చే సూచన ఉంది. నేను రిపోర్టింగులో ఉన్నప్పుడు ఇండిపెండెంట్ ఎవరైనా మద్దతు వెనక్కి తీసుకుంటే ఆయన వెనక పరిగెత్తేవాణ్ని కాదు. పాలకపక్షంలో మంత్రి పదవి రానివాళ్లు ఆ రోజు ఎక్కడున్నారో కనుక్కునేవాణ్ని. చాలాసార్లు అసలు వార్త అక్కడే దొరికేది.

జూలై 23 సాయంత్రం ఓటింగ్ జరిగింది. గంట మోగించి, తలుపులు మూసి, సభ్యులను వరుస వరుసగా నిలబెట్టి లెక్కపెట్టారు. అనుకూలం 99, వ్యతిరేకం 105. నామినేటెడ్ సభ్యురాలితో కలిపి 225 మంది ఉన్న సభలో స్పీకర్ పోగా ఓటేసింది 204 మంది. ఇరవై మంది రాలేదు. ఆ రానివాళ్లలో మన ఇద్దరూ ఉన్నారు. వాళ్లు ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిలబడలేదు, అసలు నిలబడనే లేదు. బలపరీక్షలో గీత 113 దగ్గరే ఉండదు. హాజరై ఓటేసినవాళ్లలో ఎక్కువమంది ఎటుంటే అటు. ఒక మనిషి అటు నుంచి ఇటు వస్తే తేడా రెండు, ఇంట్లో కూర్చుంటే తేడా ఒకటి. ఎవరితోనూ శత్రుత్వం వద్దనుకునే ఇండిపెండెంట్ ఎక్కువగా ఎంచుకునే దారి ఈ రెండోదే. స్పీకర్ మామూలుగా ఓటేయరు, రెండు వైపులా సమానమైతేనే వేస్తారు.

నంబర్లు పక్కనపెట్టి ఒక గది సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందటిది, ఆయన పేరూ ఊరూ చెప్పను. ప్రభుత్వం తేలని రోజుల్లో ఒక సాయంత్రం ఎల్.హెచ్.లో, అంటే శాసనసభ్యుల వసతి గృహంలో, ఒక ఇండిపెండెంట్ ఎమ్మెల్యే గదికి వెళ్లాను. మా సరిహద్దు మనిషే, ఇంట్లో తెలుగే. కారిడార్‌లో ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు. స్టీలు పళ్లెంలో బిసిబేళెబాత్ చల్లారి గట్టిపడింది. మంచం మీద రెండు ఫోన్లు, ఒకటి ఆగితే ఇంకొకటి మోగుతోంది. ఆయన ఒక పెళ్లి శుభలేఖ వెనక పెన్నుతో రాసుకుంటున్నాడు. "ఏం రాస్తున్నావన్నా?" అంటే కార్డు నా చేతికిచ్చాడు. చెరువు తూము, ఆడపిల్లల హాస్టల్‌కు కాంపౌండ్ గోడ, ఆస్పత్రికి ఎక్స్‌రే మిషన్, రెండు ఊళ్లకు బస్సు, ఒక వంతెన. అయిదు. "వీటిలో ఏది ముందు అడిగేదన్నా, నువ్వు చూస్తున్నావు కదా ఇట్లాంటివి" అని అడిగాడు. డబ్బు విడుదలయ్యే దాకా ఎక్కువ సంతకాలు పట్టే పని ముందు అడగమన్నాను, తర్వాతైతే ఎవరూ వినరని. వంతెన ముందు పెట్టాడు. వంతెన అయింది, తూము అయింది. మిగతా మూడూ ఆయన పదవీకాలం అయ్యేలోపు కాలేదు. ఇప్పటికీ ఆ దారిన పోయినప్పుడు ఆ వంతెన దగ్గర బండి ఆపుతాను.

ఆయన దగ్గర ఉన్నది నోటి మాట. దానికి సాక్ష్యం లేదు. ఆస్ట్రేలియాలో 2010లో ఎన్నికలు అయ్యాక రెండు పెద్ద పక్షాలకూ 72 చొప్పున వచ్చాయి, మెజారిటీ 76. పదిహేడు రోజులు ఇండిపెండెంట్లు రెండు పక్షాలతోనూ మాట్లాడారు. ప్రధాని జూలియా గిలార్డ్‌కు మద్దతిచ్చినవాళ్లు షరతులన్నీ కాగితం మీద పెట్టి, అవి ప్రజలకు తెలిసేలా చేశారు. వాళ్లలో ఒకరైన రాబ్ ఓక్‌షాట్ కెమెరాల ముందు పదిహేడు నిమిషాలు మాట్లాడి మరీ తన నిర్ణయం చెప్పారు. 76–74తో ఆ ప్రభుత్వం దాదాపు పూర్తికాలం నడిచింది. ఇక్కడ అలాంటి ఒప్పందం చేసుకోకూడదని ఏ చట్టమూ అనదు. మన దగ్గర ఇండిపెండెంట్లు ఎందుకు చేయరో నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. బిడది దారిలో, పార్టీలు ఎమ్మెల్యేలను దాచిపెట్టే రిసార్టుల గేట్ల బయట రాత్రుళ్లు నిలబడ్డప్పుడల్లా నాకు ఇదే ఆలోచన.

మద్దతు ఉపసంహరణ లేఖ ఇచ్చేస్తే ప్రభుత్వం పడిపోతుందా అంటే అదీ లేదు. 1989లో ఇక్కడే ముఖ్యమంత్రి బొమ్మై ప్రభుత్వాన్ని, ఎమ్మెల్యేల లేఖల ఆధారంగా గవర్నర్ బర్తరఫ్ చేయించారు. ఆ గవర్నర్ మన కర్నూలు జిల్లా వారైన పెండేకంటి వెంకటసుబ్బయ్య. మద్దతు లేదని రాసిన 19 మందిలో ఏడుగురు మర్నాడే మాట మార్చారు. 1994లో సుప్రీంకోర్టు బలం తేలాల్సింది సభలోనే అని చెప్పాక లేఖలకు విలువ తగ్గింది. 2024 మేలో హర్యానాలో ముగ్గురు ఇండిపెండెంట్లు ముఖ్యమంత్రి సైనీ బీజేపీ ప్రభుత్వానికి మద్దతు వెనక్కి తీసుకున్నారు, కాగితం మీద ప్రభుత్వం మైనారిటీలో పడింది. అయినా పడలేదు. సభ పెట్టి అవిశ్వాసం మీద ఓటు వేయించేవాళ్లు ఉండాలి కదా.

మరీ పైకి వెళ్లిన సందర్భమూ ఉంది. జార్ఖండ్‌లో 2006లో మధు కోడా మరికొందరు ఇండిపెండెంట్లతో కలిసి మంత్రివర్గం నుంచి బయటికొచ్చి, అవతలి పక్షం మద్దతుతో తనే ముఖ్యమంత్రి అయ్యారు. రెండేళ్లలోపే పదవి పోయింది. ఆ తర్వాత బొగ్గు కేసులో శిక్ష కూడా పడింది. సొంత పార్టీ లేని ముఖ్యమంత్రికి ప్రతిరోజూ బలపరీక్షే.

మన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కూడా కాదు. 1952లో మద్రాసు అసెంబ్లీ 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు 152 వచ్చాయి. ప్రకాశం పంతులుగారు ప్రతిపక్షాలను ఒక్కటి చేసి తమకే బలముందన్నారు. గవర్నర్ రాజాజీని పిలిచారు. రాజాజీ చిన్న పార్టీలనూ ఇండిపెండెంట్లనూ కూడగట్టుకుని సభలో నెగ్గారు. రెండేళ్ల తర్వాత, 1954 నవంబర్‌లో, కర్నూలులో ప్రకాశంగారి సొంత ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్కడి ఓటుకు ఏం విలువ అని మీ మామగారు అన్నప్పుడు ఆయనకు ఈ ఒక్కటి గుర్తు చేయండి.

ఇక మూడో ప్రశ్న, వాళ్లకు ఓటేస్తే మనకేం లాభం? పార్టీ ఉన్నా లేకున్నా ఎమ్మెల్యే స్థానికాభివృద్ధి నిధి ఏడాదికి రెండు కోట్లు అందరికీ ఒకటే. అంతకు మించి రాబట్టడం మనిషిని బట్టి, ఆ సభలోని లోటును బట్టి ఉంటుంది. లోటు వస్తుందో రాదో ఓటేసే రోజు మీకు తెలియదు. కాబట్టి హంగ్ వస్తుందన్న ఆశతో ఇండిపెండెంటుకు ఓటేయకండి, ఆ మనిషి ఊరికి పనికొస్తాడనిపిస్తేనే వేయండి. వాళ్లు మీ వీధిలోకి ప్రచారానికి వచ్చినప్పుడు రెండు విషయాలు అడగండి. ఎవరికీ మెజారిటీ రాకపోతే ఎవరితో వెళతారు, ఏ పనులు అడుగుతారు, అది రాసి ఇస్తారా? గెలిచాక ఏదైనా పార్టీలో చేరాలనిపిస్తే రాజీనామా చేసి మళ్లీ మా దగ్గరికి వస్తారా?

రాజీనామా గురించిన ఈ రెండో ప్రశ్న ఊహ కాదు. 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లో రాజ్యసభ సీటుకు రెండు వైపులా 34 చొప్పున ఓట్లు పడి, చీటీ తీసి విజేతను తేల్చారు. అక్కడి ముగ్గురు ఇండిపెండెంట్లు బీజేపీ అభ్యర్థికి ఓటేసి, మార్చిలో రాజీనామా చేసి ఆ పార్టీలో చేరారు. స్పీకర్ ఆ రాజీనామాలను జూన్ దాకా ఆమోదించలేదు. జూలైలో ఉప ఎన్నికలు జరిగితే ముగ్గురూ పార్టీ గుర్తు మీద మళ్లీ ఓటర్ల ముందుకు వెళ్లారు. హమీర్‌పుర్ ఆయన ఒక్కరే గెలిచారు. దెహ్రా, నాలాగఢ్‌లలో ఓడిపోయారు.